గని గట్టు దాటని నీటి లెక్క

ఏటా జూలై రాగానే తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో రెండు వార్తలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి గోదావరి లోయది. ఓపెన్‌కాస్టుల్లోకి నీరు చేరింది, హాల్‌రోడ్లు బురదమయమయ్యాయి, డంపర్లు నిలిచిపోయాయి, వేల టన్నుల బొగ్గు ఉత్పత్తికి గండి పడింది. రెండోది నాగావళిది. ఒడిశా కొండల్లో వాన దంచింది, గెడ్డలు పొంగాయి, తోటపల్లి గేట్లు ఎత్తారు, ఒడ్డు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మొదటి వార్త చదివినవారు నూట ముప్పై ఏళ్ల అనుభవమున్న సింగరేణి ఇప్పటికీ వానకు ఎందుకు ఆగిపోతోందని అడుగుతారు. రెండోది చదివినవారు రాయగడ, కొరాపుట్ కొండల మీద బాక్సైట్ తవ్వకం పెరిగితే దిగువన జేకేపూర్‌కూ పార్వతీపురానికీ శ్రీకాకుళానికీ నీళ్ల సంగతేమిటని అడుగుతారు. ఒకరి గొడవ ఒకరికి పట్టని ఇద్దరు అడుగుతున్న ఈ ప్రశ్నలు నీటి ఇంజినీరింగు దృష్టితో చూస్తే ఒక్కటే. నేల పైపొర తీసి ఖనిజం తవ్వే ప్రతిచోటా నీటి ప్రణాళికను గని కోసమే వేస్తున్నాం, నది కోసం వేయడం లేదు. లీజు హద్దురాయి దగ్గర ఆ లెక్క ఆగిపోతోంది.

ముందు బొగ్గు సంగతి. భూగర్భ గనిలో నీరు ప్రధానంగా ఊటగా వస్తుంది. దాని పరిమాణం ఒక రోజుకూ మరో రోజుకూ పెద్దగా మారదు. ఓపెన్‌కాస్టు ఆకాశానికి తెరిచిన గుంత. చదరపు కిలోమీటరు గుంతలో 100 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్లు, అంటే 10 కోట్ల లీటర్ల నీరు అడుగుకు చేరుతుంది. గంటకు 500 ఘనపు మీటర్లు తోడే పంపు రేయింబవళ్లు ఆడినా దాన్ని ఖాళీ చేయడానికి ఎనిమిది రోజులకు పైగా పడుతుంది. నీటిని 150 మీటర్ల లోతు నుంచి ఎత్తాలంటే, పంపు సామర్థ్యం నూటికి 65 పాళ్లు అనుకున్నా, సుమారు 63 వేల యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఇది ఒక్క వానకు లెక్క. గోదావరి లోయలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అందులో సింహభాగం నాలుగు నెలల్లోనే, ఆ నాలుగు నెలల్లోనూ కొద్దిరోజుల్లోనే పడుతుంది. సగటు వానకు సరిపోయే పంపులు పెడితే పెద్ద వానకు చాలవు. పెద్ద వానకు తగినన్ని పెడితే ఏడాదిలో ఎక్కువ కాలం అవి ఊరికే పడి ఉంటాయి. ఏ గని మేనేజరైనా ఈ రెంటి మధ్య ఎక్కడో రాజీ పడక తప్పదు.

పంపు చివరి ఆయుధం. అంతకుముందు చేయవలసినవి చాలా ఉన్నాయి. బయటి నీరు గుంతలోకి దిగకుండా చుట్టూ గార్లాండ్ కాల్వలు తవ్వి మే నెలాఖరుకల్లా వాటి పూడిక తీయాలి. వేసవిలోనే అన్నిటికంటే కింది బెంచీలో బొగ్గు తీసేసి దాన్ని వానాకాలానికి నీరు చేరే సంప్‌గా వదిలేయాలి. పై బెంచీల్లో తవ్వుకోవడానికి వీలుగా బొగ్గును ముందే తేల్చి ఉంచాలి. నిజానికి పనిని మొదట ఆపేది నీరు కూడా కాదు, బురద. వంద టన్నుల డంపర్ బంకమట్టి పట్టిన వాలురోడ్డు మీద జారితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే చినుకు గట్టిపడగానే బండ్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. ఇవేవీ తెలియని విద్యలు కావు. మార్చి 31 నాటి ఉత్పత్తి లక్ష్యం కోసం అందుబాటులో ఉన్న బొగ్గునంతా లాగేస్తే జూన్‌లో సంప్‌కు చోటుండదు, తేల్చి ఉంచిన బొగ్గూ ఉండదు. వానాకాలపు నష్టానికి మూలం చాలాసార్లు వానలో కాక ఆర్థిక సంవత్సరపు క్యాలెండర్‌లో ఉంటుంది.

ఊటనీటి సమస్య ఇంకో రకం. ప్రాణహిత-గోదావరి లోయలో బొగ్గు పొరలు బరాకర్ శిలల్లో ఉంటాయి. చాలాచోట్ల వాటి మీద కామ్తీ ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. ఈ ఇసుకరాయి నీటిని బాగా పట్టి ఉంచుతుంది. గుంత తవ్వగానే నలువైపుల నుంచీ నీరు అటు తిరుగుతుంది. తోడకపోతే గోడల్లో నీటి ఒత్తిడి పెరిగి వాలు జారుతుంది. తోడితే చుట్టుపక్కల భూగర్భజల మట్టం దిగుతుంది. గనికి ఏది రక్షణో ఊరి బావికి అదే శిక్ష. దీనికి తోడు మన ప్రాంతంలో పాత భూగర్భ గనుల గ్యాలరీల మీదే ఓపెన్‌కాస్టులు తెరుస్తున్నారు. దశాబ్దాలుగా నీరు నిండిన ఆ గ్యాలరీల పటం కాస్త తప్పినా ప్రమాదం. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీరు ఒక్కసారిగా విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. అది భూగర్భ గని. అయినా పక్క గనిలో నిలిచిన నీటి జాడ తెలియకుండా తవ్వకూడదన్న పాఠం పైనుంచి తవ్వేవారికీ వర్తిస్తుంది.

ఇక నది. గనిలోకి దిగే ద్వారం అంతవరకూ నమోదైన అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల ఎగువన ఉండాలన్నది మన గనుల భద్రతా నిబంధనల్లోని పాత సూత్రం. ఆ మట్టం పాత రికార్డుల నుంచి తీసుకునేది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. జూలై నెలలో అంత వరదను ఊహించినవారు తక్కువ. 2019 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని దీప్‌కా ఓపెన్‌కాస్టులోకి లీలాగర్ నది తెగబడింది. నది ఒడ్డున గని ఉన్నప్పుడు కరకట్ట ఎత్తు మీద లెక్క తప్పితే ఏమవుతుందో అక్కడ దేశమంతా చూసింది. గడిచిన వందేళ్ల వరదను చూసి కట్టిన గట్టు రాబోయే ముప్పై ఏళ్ల వానకు సరిపోతుందన్న ధీమా ఇప్పుడు ఏ ఇంజినీరుకూ ఉండకూడదు.

ఇంతవరకూ చెప్పినదంతా గనిలోపలి ఇంజినీరింగు. దాన్ని నడిపించడానికి నిపుణులున్నారు, నిబంధనలున్నాయి, డబ్బుంది. గట్టు దాటిన తరవాత ఏమవుతుందన్నది ఎవరి పనీ కాకుండా పోతోంది. ఏటా 7 కోట్ల టన్నుల బొగ్గు కోసం సింగరేణి 40 కోట్ల ఘనపు మీటర్లకు పైగా బొగ్గు మీది మట్టిని తీస్తోంది. ఆ మట్టిగుట్టల మీద పడిన వాన సన్నని మేటను వాగుల్లోకి దింపుతుంది. కాకతీయుల కాలం నుంచి ఒకదాని అలుగు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. మధ్యలో ఒక గుంత తవ్వి ఒక వాగు మళ్లిస్తే కింది చెరువులన్నిటికీ నీరు తప్పుతుంది. పర్యావరణ నివేదికలో 'వాగు మళ్లింపు' అన్న రెండు మాటల వెనక ఇంత కథ ఉంటుంది. ఇక్కడ ఒక మేలు కూడా చెప్పాలి. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయ బొగ్గులోలా నీరు ఆమ్లంగా మారి వాగులు చచ్చిపోయే పరిస్థితి ఇక్కడ అంతగా లేదు. మేటను అడుగుకు దిగనిచ్చి, శుద్ధి చేస్తే ఈ నీరు చాలావరకు పనికొస్తుంది. కాలనీలకు, చెరువులకు కొంత ఇస్తూనే ఉన్నారు. అయితే ఇచ్చేది తోడినదాంట్లో ఎంత, ఎండాకాలంలో ఎంత, గని మూతపడ్డాక ఎవరిస్తారు అన్నవి ఆయా ఊళ్లవాళ్లకు తెలిసేలా చెప్పే ఏర్పాటు లేదు.

తెలంగాణ ఉద్యమ కాలంలో ఓపెన్‌కాస్టులు బొందలగడ్డలన్న నింద పడింది తవ్వకం ముగిశాక మిగిలే గుంతల వల్లే. తీసిన మట్టిలో చాలా భాగం బయట గుట్టగా మిగిలిపోతుంది కాబట్టి ఆఖరున ఒక లోతైన గుంత తప్పదు. దాన్ని ఏం చేయాలన్నదే ఇప్పటి చర్చ. కేంద్ర బొగ్గు శాఖ 2009లో గనుల మూసివేత మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్టుకు అప్పట్లో హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో వేయాలన్నారు. గుట్టలు చదును చేసి మొక్కలు నాటడానికి ఆ డబ్బు కొంత సాయపడుతుంది. ఊటనీరు మళ్లీ పైకి లేచి స్థిరపడటానికి పట్టే కాలం దశాబ్దాలు. అంతకాలం నీటిని పరిశీలించే ఖర్చు ఆ హెక్టారు లెక్కలో ఇమడదు. పాత గుంతల్లో పంప్డ్ స్టోరేజీ విద్యుత్తు అన్న సింగరేణి ఆలోచన మంచిదే. లోతూ ఎత్తూ రెండూ అక్కడ సిద్ధంగా ఉన్నాయి. అయితే అన్ని గుంతలకూ అదే మందు కాదు. గోడల స్థిరత్వం, నీటి మట్టం రోజూ ఎక్కిదిగడం వల్ల వాలు మీద పడే ఒత్తిడి విడివిడిగా చూసుకోవాలి.

ఇప్పుడు కొండెక్కుదాం. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బొగ్గు లేదు, బాక్సైట్ ఉంది. అదీ పైనుంచి తవ్వేదే. నీటి విషయంలో మాత్రం కథ పూర్తిగా తలకిందులు. బొగ్గు గుంత భూగర్భజల మట్టానికి కిందికి దిగుతుంది, నీరు లోపలికి రావడమే అక్కడి సమస్య. బాక్సైట్ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైన, కొండల చదునైన నెత్తిన ఉంటుంది. కిందంతా ఖోండలైట్ శిల. లక్షల ఏళ్ల వానలకు ఆ శిల నుంచి సిలికా కరిగిపోయి అల్యూమినియం మిగిలిన పొరే బాక్సైట్. సిలికా పోయిన చోట రంధ్రాలు మిగిలాయి. వాన వాటిలోకి దిగి, కింద బంకమట్టిగా మారిన పొర తగలగానే పక్కలకు జారి, కొండవాలులో ఊటలుగా బయటికొస్తుంది. కొండ నెత్తిన పెట్టిన నీళ్లకుండ లాంటిది ఆ పొర. అక్టోబరు నుంచి మే దాకా గెడ్డలు పారేది దాని పుణ్యానే. కనుక ఇక్కడి సమస్య నీరు గనిలోకి రావడం కాదు, రావలసిన నీరు రాకుండా పోతుందా అన్నది.

ఎంత నీరు? ఊహ లెక్కే అయినా వేసి చూద్దాం. పంచపట్‌మాలిలో బాక్సైట్ పొర సగటు మందం 14 మీటర్ల ప్రాంతంలో ఉంటుందని చెబుతారు. ఆ మందంలో నూటికి ఐదు పాళ్ల ఖాళీలోనే నీరు నిలిచి మెల్లగా జారుతుందనుకుంటే, చదరపు కిలోమీటరుకు 7 లక్షల ఘనపు మీటర్ల నిల్వ. ఎనిమిది పొడి నెలల మీద పరిస్తే సెకనుకు దాదాపు 34 లీటర్లు. జలజీవన్ మిషన్ పెట్టుకున్న మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన చూస్తే 50 వేల మందికి సరిపడే నీరు. ఖాళీల శాతం సగమే ఉంటే నీరూ సగమే. కొండకు కొండకూ అది మారుతుంది కాబట్టే కొలవాలి అంటున్నాం. ఈ ఊటల మీద పైపు వేసి, కరెంటు లేకుండా వాలుతోనే నీరు తెచ్చుకునే పథకాలు తూర్పు కనుమల్లోని గిరిజన గూడేల్లో ఎన్నో ఉన్నాయి. వాటికి పంపు లేదు, బిల్లు లేదు. అలాంటి చోట ఊట ఎండితే ట్యాంకరు కూడా ఎక్కలేదు.

ఈ ప్రశ్న మీద పెద్ద వాదం జరిగింది నియమగిరి కొండ మీద తలపెట్టిన బాక్సైట్ గని విషయంలో. అందులో బొగ్గు ఇంజినీరింగుకు నేరుగా పాత్ర ఉన్న సంగతి చాలామందికి గుర్తులేదు. కేసు సుప్రీంకోర్టులో ఉండగా 2006లో రెండు సంస్థల అధ్యయనాలు వచ్చాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ తవ్వకం వల్ల కొండ నీటి వ్యవస్థకు ముప్పుందని చెప్పింది. రాంచీలోని సీఎంపీడీఐ ఊటలకు నష్టం లేదని, పేలుళ్ల వల్ల ఏర్పడే సన్నని పగుళ్ల గుండా నీరు ఇంకడం పెరుగుతుందని చెప్పింది. సీఎంపీడీఐ కోల్ ఇండియా అనుబంధ సంస్థ. బొగ్గు గనుల ప్రణాళికలు రాయడంలో దేశంలో దానికి సాటి లేదు. గుంతలోకి వచ్చే నీటిని లెక్కించడంలో ఆరితేరిన వారి చేతికి, కొండ నుంచి వెళ్లే నీటిని లెక్కించే పని ఇచ్చారు. 2010 ఆగస్టులో ఆ గనిపై వేసిన ఎన్.సి. సక్సేనా కమిటీ ఇంకుడు పెరుగుతుందన్న వాదనతో విభేదించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల నిర్ణయానికి వదిలేసింది. ఆ వానాకాలంలో 12 గ్రామసభలూ గనిని కాదన్నాయి. తీర్పు ప్రజలు ఇచ్చారు. నీటి శాస్త్రం ఇవ్వవలసిన జవాబు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఏ పక్షం చెప్పింది నిజం? నా ఉద్దేశంలో ఇద్దరూ వేర్వేరు నీళ్ల గురించి మాట్లాడారు. పైపొర తీసేసిన గని అడుగు పళ్లెంలా ఉండి, చుట్టూ గట్టు వదిలితే వాననీరు అక్కడే నిలిచి కొంత ఇంకుతుందన్నది నిజమే. కొరాపుట్ జిల్లా దమన్‌జోడి దగ్గర పంచపట్‌మాలిలో నాల్కో చేస్తున్నది అదే. గని అంచున ఖనిజాన్ని గోడలా వదిలి, నీరు, మట్టి వాలు మీదకు జారకుండా ఆపుతోంది. మొత్తం మీద ఏడాదికి ఇంకే నీరు తగ్గకపోవచ్చు, పెరగనూవచ్చు. గెడ్డకు కావలసింది ఏడాది మొత్తం కాదు. ఏప్రిల్‌లో ఎంత పారుతుందన్నదే దానికి ప్రాణం. నీటిని నెలల తరబడి పట్టి మెల్లగా వదిలే పొరే లేకుండా పోయాక, అంతే నీరు ఇంకినా అంత ఆలస్యంగా బయటికి వస్తుందా? ఇదీ అడగవలసిన ప్రశ్న. పంచపట్‌మాలిలో 1980ల నడుమ నుంచి తవ్వకం సాగుతోంది. నలభై ఏళ్ల వయసున్న ఆ గని దేశంలోనే గొప్ప ప్రయోగశాల. తవ్విన వాలులో, తవ్వని వాలులో ఊటల వేసవి ప్రవాహాల చిట్టా జనం ముందు ఉంటే ఈ వాదన ఎప్పుడో తేలిపోయేది.

తేలకుండానే కొత్త కొండల వంతు వచ్చింది. కాశీపూర్ ప్రాంతంలో బాఫ్లిమాలి గని, దొరగుడ దగ్గర ఉత్కళ్ అల్యూమినా శుద్ధి కర్మాగారం నడుస్తున్నాయి. ఆ ప్రాజెక్టు కోసం 2000 డిసెంబరులో మైకంచ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయిన చరిత్ర ఉంది. రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులోని సిజిమాలిలో ఏటా 90 లక్షల టన్నులు తవ్వే ప్రతిపాదన మీద 2023 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కుట్రుమాలి, పొట్టంగి, మాలిపర్బత్ పేర్లు వరసలో ఉన్నాయి. ఒక్కొక్క కొండకు ఒక్కొక్క నివేదిక. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద గని చుట్టూ 10 కిలోమీటర్ల వలయం గీసి చదవడం ఆనవాయితీ. నది వలయాల్లో పారదు. ఒక్కో నివేదికలో ప్రభావం 'స్వల్పం' అని రావచ్చు. నాలుగు స్వల్పాలు కలిస్తే ఎంతవుతుందో కూడే అధికారి ఎవరూ లేరు.

నాగావళి కలహండి కొండల్లో లఖ్‌బహాల్ దగ్గర పుట్టి, రాయగడ జిల్లా మీదుగా దిగి, ఆంధ్రప్రదేశ్‌లో తోటపల్లి, నారాయణపురం దాటి శ్రీకాకుళం దగ్గర కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. మొత్తం 256 కిలోమీటర్లు. చిన్న నది. కృష్ణా గోదావరులకున్నట్టు దానికి వెనక పెద్ద నిల్వలు లేవు. దీని ఒడ్డునే జేకేపూర్‌లో 1962 నుంచి కాగితపు మిల్లు ఉంది. చేరువలో తెరువలి ఫెర్రో అల్లాయ్ కర్మాగారం, రాయగడ పట్టణం, ఆ పక్కన కోదుల గూడేలు, కింద తెలుగు రైతుల ఆయకట్టు. మిల్లులో పనిచేసే తెలుగు కుటుంబానికీ, పార్వతీపురం రైతుకూ, కొండమీది గిరిజనుడికీ వేసవిలో కావలసింది ఒకే నీరు. ఆ నీటిలో కొండ ఊటల వాటా ఎంతన్నది తెలియకపోతే ఎవరి హక్కునూ ఎవరూ కాపాడలేరు. రెండు రాష్ట్రాలు ఉపనది జంఝావతి మీద దశాబ్దాలుగా పేచీ పడ్డాయి. మునక భూముల గురించి, టీఎంసీల గురించి కట్టల కొద్దీ ఉత్తరాలు రాసుకున్నాయి. ఎగువ కొండల తవ్వకం వల్ల వచ్చే మేట గురించి, వేసవి ప్రవాహం గురించి ఆ పట్టుదలలో పదోవంతు కూడా చూపలేదు.

వానాకాలపు మాటా ఉంది. 2017 జూలై 16న కళ్యాణ్‌సింగ్‌పూర్ వైపు కొండల్లో కురిసిన కుంభవృష్టికి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైల్వే వంతెన కొట్టుకుపోయింది. దానికి గనులు కారణం కాదు, అలా చెప్పడం అన్యాయం. ఆ ఏటవాలు కొండల మీద కొద్ది గంటల వాన ఎంత వేగంగా కిందికి వస్తుందో మాత్రం అది చూపించింది. అలాంటి వాలు నెత్తిన గట్టు తెగితే, కన్వేయరు దారుల వెంట తవ్విన మట్టి జారితే ఆ మేట వెళ్లి చేరేది తోటపల్లి బ్యారేజీకే. శుద్ధి కర్మాగారాల ఎర్రమట్టి చెరువుల ముప్పు వేరు. క్షారం నిండిన ఆ బురద కట్ట తెగితే ఏమవుతుందో 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కాలో తెలిసింది. పదిమంది చనిపోయారు, మార్కాల్ అనే నదిలో జీవమన్నది లేకుండా పోయింది.

బయటి దేశాలు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నాయి? అమెరికాలో 1977 ఆగస్టులో వచ్చిన ఉపరితల గనుల చట్టం ఒక పని చక్కగా చేసింది. తన గని వల్ల నీటికి ఏమవుతుందో కంపెనీ చెప్పాలి. ఆ పరీవాహకంలో ఉన్న, రాబోయే గనులన్నీ కలిపితే ఏమవుతుందో అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థే లెక్కగట్టాలి. ఆ మొత్తం లెక్క లేకుండా పర్మిట్ ఇవ్వకూడదు. గని వల్ల ఎవరి బావి ఎండినా బదులు నీరు ఏర్పాటు చేయవలసింది కంపెనీయే. అప్పలాచియా కొండల్లో ఆ చట్టానికి తూట్లు పడ్డ మాట నిజమే, లోయలను మట్టితో పూడ్చేశారు. అయినా కూడిక బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వాళ్ల చట్టంలో జవాబుంది, మన చట్టంలో లేదు.

ఆస్ట్రేలియాలో హంటర్ నది మీద 1995లో ప్రయోగంగా మొదలై 2002లో చట్టబద్ధమైన పద్ధతి ఇంకా ఆసక్తికరం. అక్కడ బొగ్గు గనుల, విద్యుత్తు కేంద్రాల ఉప్పునీటిని నది బక్కగా ఉన్నప్పుడు అసలు వదలనివ్వరు. నిండుగా పారుతున్నప్పుడు మాత్రం, కంపెనీల దగ్గరున్న వెయ్యి క్రెడిట్ల మేరకు వంతులవారీగా వదలాలి. సింగిల్టన్ దగ్గర నీటి ఉప్పదనం పెట్టుకున్న హద్దు దాటకూడదు. రెండేళ్లకోసారి 200 క్రెడిట్లకు గడువు తీరిపోతుంది, వాటి స్థానంలో కొత్తవి వేలం వేస్తారు. ఇక్కడ గని అవసరం కాక నది పరిస్థితే తలుపు తీస్తుంది, మూస్తుంది. ఆ దేశంలోనే 2010-11 వరదల్లో క్వీన్స్‌లాండ్ గుంతలు నిండి బొగ్గు ఎగుమతులు స్తంభించాయి. కాబట్టి వానకు గని ఆగడం సింగరేణికి మాత్రమే ఉన్న జబ్బు కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరానికి తాగునీరిచ్చే డార్లింగ్ కొండల్లోనే 1963 నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. అక్కడ కూడా ఇటీవల నీటి సరఫరా సంస్థే బహిరంగంగా ఆందోళన వెలిబుచ్చింది. జలాశయాల దగ్గర, ఏటవాలు ఎక్కువైన చోట్ల తవ్వకంపై ఆంక్షలు వచ్చాయి.

జర్మనీ అనుభవం మూసివేత గురించి. లుసాటియా ప్రాంతంలో లిగ్నైట్ గుంతల నుంచి వందేళ్లకు పైగా నీరు తోడి స్ప్రీ నదిలో పోశారు. ఇప్పుడు గనులు మూస్తుంటే ఎండాకాలంలో కొన్నిచోట్ల నది నీరు నాలుగింట మూడు వంతులు తగ్గవచ్చని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2023లో హెచ్చరించింది. ఆ నది దిగువన ఉన్నది బెర్లిన్. గని నీటికి అలవాటుపడ్డ నదికి గని పోయాక కరువు వస్తుంది. మన దగ్గర గని నీటిని చెరువులకు ఇస్తున్నామని మురిసిపోయేవారు ఈ కోణం చూడాలి. రూర్ ప్రాంతంలో 2018లో చివరి భూగర్భ గని మూశారు, పంపులు మాత్రం ఆపలేదు. ఆపితే నేల కుంగిన ఊళ్లు మునుగుతాయి, తాగునీరు చెడుతుంది. ఆ శాశ్వత ఖర్చు కోసం 2007లోనే ఒక ఫౌండేషన్ పెట్టారు. ఏటా 20 కోట్ల యూరోలకు పైగా అది భరిస్తోంది. అంత డబ్బు మనకెక్కడిదని అనవచ్చు. అంత ఖర్చు వస్తుందని ముందే లెక్కగట్టారన్నదే గమనించవలసిన విషయం.

పరిశ్రమ వాదనలను తేలిగ్గా కొట్టిపారేయలేం. అల్యూమినియం లేకుండా విద్యుత్ తీగల్లేవు, సౌర ఫలకాల చట్రాల్లేవు. బొగ్గు రాత్రికి రాత్రి పోదు. ప్రతి గనికీ నదీస్థాయి అధ్యయనం అంటే అనుమతులు ఏళ్ల తరబడి సాగుతాయన్న భయంలో అర్థముంది. నియమగిరి కేసు పదేళ్లు నడిచింది. అయితే ఆ పదేళ్లు పోయింది అధ్యయనం వల్ల కాదు, అందరూ నమ్మే అధ్యయనం లేకపోవడం వల్ల. ఇటు ఉద్యమకారుల్లో ఒక వర్గం ఏ తవ్వకమైనా ఊటలను చంపేస్తుందని కొలవకుండానే అంటుంది. విశాఖ మన్యంలో బాక్సైట్ లీజులు రద్దయింది కూడా ప్రధానంగా గిరిజనుల భూమి హక్కు మీద. 1997 జూలై నాటి సమతా తీర్పు అందుకు పునాది. జెర్రెల కొండల గెడ్డల్లో ఎంత నీరు పారుతుందన్న చర్చ అప్పుడూ వెనకబడింది. హక్కుల పోరాటం గెలిచినచోట కూడా నీటి కొలత మిగిలిపోయింది.

సిక్కిం 2008 నుంచి ధారా వికాస్ పేరుతో ఊటలను గుర్తించి, వాటికి నీరు ఎక్కడి నుంచి వస్తుందో భూగర్భ శాస్త్రంతో పట్టుకుని, పైన ఇంకుడు కందకాలు తవ్వింది. హిమాలయ ఊటల మీద నీతి ఆయోగ్ 2018లో నివేదికే తెచ్చింది. తూర్పు కనుమలకు అంతటి శ్రద్ధ దక్కలేదు. ఊటల ప్రవాహం కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక వీ-నాచ్ పలక, ఒక స్కేలు, వారానికోసారి రాసుకునే చదువుకున్న గూడెం కుర్రాడు చాలు. జిల్లా ఖనిజ నిధి 2015 నుంచి ఉంది. తాగునీటికి ప్రాధాన్యం ఇవ్వాలని దాని నియమాలే చెబుతున్నాయి. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బాక్సైట్ పొర కింద పుట్టే ప్రతి ఊటకూ అందులోంచి కొలత ఏర్పాటు చేయడం కష్టమైన పని కాదు.

బొగ్గు వైపు కూడా చేయవలసింది ఇదే తీరులో ఉంది. కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం గనిలో తోడే నీటికి అనుమతి, మీటరు, రుసుము ఉండాలి. ఆ మీటరు రీడింగులను నెలనెలా గ్రామ పంచాయతీ గోడ మీద రాయించడానికి కొత్త చట్టం అవసరం లేదు. తోడిన నీరెంత, ఎక్కడికి వదిలారు, అందులో మేటెంత, చుట్టుపక్కల బావుల మట్టమెంత అన్న నాలుగు అంకెలు చాలు. మూసివేత ప్రణాళికలో మొక్కల సంఖ్యతో పాటు గుంత నిండటానికి పట్టే కాలం, నిండాక పొర్లే దారి, అప్పటిదాకా పరిశీలన ఖర్చు రాయించాలి. సింగరేణి ఇప్పుడు ఒడిశాలోని అంగుల్ జిల్లా నైనీ బొగ్గు బ్లాకులోనూ తవ్వకం మొదలుపెట్టింది. కొత్త గని, పాత గ్యాలరీల బెడద లేదు. మొదటి రోజు నుంచి ఈ లెక్క రాసి చూపడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

నాగావళి విషయంలో కేంద్ర జల సంఘం, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి ఎగువ పరీవాహకం మొత్తానికి ఒకే అధ్యయనం చేయించాలి. కనీసం రెండు ఎండాకాలాల ఊట ప్రవాహాలు అందులో ఉండాలి. అప్పటివరకూ ఆ కొండల్లో కొత్త లీజుకు పర్యావరణ అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే నడుస్తున్న గనుల నీటి రికార్డులను జేకేపూర్‌లోనూ శ్రీకాకుళంలోనూ ఎవరడిగినా చూడగలిగేలా ఒడియా, తెలుగు భాషల్లో ప్రచురించాలి. ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ ఈ డిమాండును తన తరఫున లిఖితపూర్వకంగా పెట్టాలి. టీఎంసీల వాటా కోసం ట్రిబ్యునళ్ల దాకా వెళ్లిన రాష్ట్రానికి ఆ మాత్రం ఉత్తరం రాయడం భారం కాదు.